రేడియోక్రోమిక్ ఫిల్మ్‌తో ఎక్స్‌రే డోస్ కొలవడం ఎలా?

“ఫిల్మ్‌లో డోస్ 6 శాతం ఎక్కువ వస్తోంది సార్, మెషిన్‌లో ఏమైనా తేడా ఉందా?” మెడికల్ ఫిజిక్స్ ఇంటర్న్‌షిప్ చేసే పిల్లలు, రేడియోథెరపీ విభాగంలో కొత్తగా చేరినవాళ్లు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇది. డోస్ అంటే వస్తువు పీల్చుకున్న రేడియేషన్ మోతాదు. నేను తిరిగి అడిగేది కూడా ఒక్కటే: “స్కాన్ ఎలా చేశారు?” లినాక్ (చికిత్సకు ఎక్స్‌రే కిరణం ఇచ్చే మెషిన్) నుంచి వచ్చే కిరణాన్ని మనం రోజూ ఉదయం చూస్తూనే ఉంటాం. అది 2 శాతం కదిలినా ఊరుకోం. స్కానర్ గాజు మీద అడ్డంగా పెట్టాల్సిన ఫిల్మ్ ముక్కను నిలువుగా పెడితే మాత్రం ఎవరి కంటా పడదు. తేడా చాలావరకు అక్కడే పుడుతుంది.

అందుకే ఈ వ్యాసంలో కిరణం గురించి తక్కువ, కత్తెర గురించీ గాజు గురించీ గడియారం గురించీ ఎక్కువ చెబుతాను. ఉదాహరణకు తీసుకున్నవి గాఫ్‌క్రోమిక్ ఈబీటీ3 అనే రేడియోక్రోమిక్ ఫిల్మ్ (రేడియేషన్ తగిలితే రంగు మారేది), 6 ఎంవీ (మెగావోల్ట్) ఎక్స్‌రే కిరణం, ఎప్సన్ ఫ్లాట్‌బెడ్ స్కానర్. మీ దగ్గర ఈబీటీ4 ఉన్నా పద్ధతి మారదు. సీటీ, క్యాథ్‌ల్యాబ్ (గుండె రక్తనాళాల పరీక్షలు, చికిత్సలు చేసే గది) లాంటి తక్కువ శక్తి ఎక్స్‌రేలకు ఏం మార్చుకోవాలో చివర్లో ఉంది.

ముందు కాస్త సిద్ధాంతం

ఈబీటీ3లో రేడియేషన్‌ను పట్టుకునే పొర మందం సుమారు 28 మైక్రాన్లు. తల వెంట్రుక కన్నా పలుచన. దానికి రెండు వైపులా 125 మైక్రాన్ల పాలియెస్టర్ షీట్లు ఉంటాయి. మధ్య పొరలో డైఅసిటిలీన్ జాతి పదార్థం సన్నని సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది. ఎక్స్‌రే తగిలితే ఆ అణువులు ఒకదానికొకటి ముడిపడి పాలిమర్‌గా మారతాయి, ఫిల్మ్ నీలంగా ముదురుతుంది. డెవలపర్ అక్కర్లేదు, డార్క్‌రూమ్ అక్కర్లేదు. ముదిరిన రంగు ఎరుపు కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి, ఆ ఎరుపు ఎంత తగ్గిందో స్కానర్‌తో చూసి డోస్ లెక్కగడతాం. మనకు కావాల్సిన సిద్ధాంతం ఇంతే. ఆ స్ఫటికాలు సూదుల్లా ఉంటాయన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

మొదలుపెట్టే ముందు

ఈ పని ఒంటరిగా, చాటుగా చేసేది కాదు. మెషిన్ సమయం అడిగి తీసుకోండి, విభాగం ఆర్‌ఎస్‌ఓకు (రేడియేషన్ భద్రత చూసే అధికారికి) చెప్పండి, బీమ్ ఆన్ చేసేది అధికారం ఉన్న వ్యక్తే కావాలి. గదిలోంచి ఆఖరున వచ్చేవాళ్లు లోపల ఎవరూ లేరని కళ్లతో చూసుకుని తలుపు వేయాలి. మీకు తగిలే రేడియేషన్‌ను కొలిచే బ్యాడ్జ్ మీ ఒంటి మీదే ఉండాలి. పేషెంట్ల చికిత్స అయిపోయాక సాయంత్రం రెండు గంటలు దొరికితే క్యాలిబ్రేషన్ (తెలిసిన డోస్‌లు ఇచ్చి, ఏ రంగుకు ఎంత డోసో ఫిల్మ్‌కు నేర్పడం) పూర్తవుతుంది.

కావాల్సినవి

- ఒకే లాట్‌కు (ఒకేసారి తయారైన బ్యాచ్‌కు) చెందిన ఫిల్మ్ షీట్లు. షీటు సైజు 20.3 × 25.4 సెంటీమీటర్లు. 5 × 5 సెంటీమీటర్ల ముక్కలుగా కోస్తే ఒక్కో షీటుకు 20 వస్తాయి.
- పౌడర్ లేని గ్లవ్స్, పదునైన కత్తెర లేదా పేపర్ కట్టర్, సన్న మొన ఉన్న పర్మనెంట్ మార్కర్.
- కాంతి చొరబడని నల్ల కవర్లు. ఫిల్మ్ పెట్టెలో వచ్చే కవరే చాలు.
- సాలిడ్ వాటర్ ఫాంటమ్ పలకలు (రేడియేషన్‌కు నీళ్లలా స్పందించే ప్లాస్టిక్ పలకలు), 30 × 30 సెంటీమీటర్లవి. ఫిల్మ్ పైన 5 సెంటీమీటర్లు, కింద కనీసం 10 సెంటీమీటర్లు రావాలి.
- క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉన్న 0.6 సీసీ అయాన్ ఛాంబర్ (డోస్ కొలిచే పరికరం), దాని రీడింగ్ చూపే ఎలక్ట్రోమీటర్.
- ఫిల్మ్‌లోంచి కాంతిని పంపి చదివే ట్రాన్స్‌మిషన్ సౌకర్యం, రంగుకు 16 బిట్లు ఉన్న ఫ్లాట్‌బెడ్ స్కానర్. ఎప్సన్ 10000ఎక్స్‌ఎల్, 12000ఎక్స్‌ఎల్, వీ750, వీ850 లాంటివి. ఆఫీసులో జిరాక్స్ తీసే ఆల్-ఇన్-వన్ మెషిన్ ఈ పనికి రాదు.
- 3 నుంచి 4 మిల్లీమీటర్ల మందం ఉన్న, గీతలు లేని గాజు పలక. ఫిల్మ్ మీద బరువుగా పెట్టడానికి.
- ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్. ఉచితం. పైథాన్ వచ్చినవాళ్లు దాంట్లోనే చేసుకోవచ్చు.

అడుగు 1: ఫిల్మ్‌ను సరిగ్గా దాచండి

ఇది పెట్టె కొన్న రోజే మొదలయ్యే అడుగు. 25 డిగ్రీలు దాటని చోట, చీకట్లో, తేమ తగలకుండా ఉంచండి. మన ఎండాకాలంలో ఇది మాటలతో తేలేది కాదు. కొరియర్ పెట్టె మధ్యాహ్నం స్టోర్ గదిలో పడి ఉంటే, సాయంత్రం మీరు తెచ్చుకునేసరికే ఫిల్మ్ కొంత ముదిరిపోవచ్చు. వచ్చిన రోజే తీసుకోండి. ఎండలో నిలిపిన కారులో వదలకండి. ట్యూబ్‌లైట్ కింద బల్ల మీద గంటలకొద్దీ పరచి ఉంచకండి, కిటికీ ఎండ అసలే తగలనీయకండి. మామూలు గది వెలుతురులో కొద్ది నిమిషాలు పనిచేస్తే నష్టం లేదు.

పెట్టె తెరిచిన తేదీ, లాట్ నంబరు మూత మీదే రాసేయండి.

అడుగు 2: కోయండి, గుర్తు పెట్టండి

గ్లవ్స్ వేసుకుని షీటును అంచులతోనే పట్టుకోండి. వేలిముద్ర పడితే స్కానర్‌కు అది డోస్‌లాగే కనిపిస్తుంది.

కోయడానికి ముందే షీటు మొత్తం మీద, ఏ ముక్క ఎక్కడ వస్తుందో చూసుకుని, ప్రతి ముక్కకు పై ఎడమ మూలలో చిన్న నంబరు వేయండి. దాని పక్కన షీటు పొడవు వైపు చూపించే బాణం గీయండి. కోసేశాక చదరపు ముక్కలో పొడవు ఏదో వెడల్పు ఏదో ఎవరూ చెప్పలేరు. ఈ బాణం మరిచిపోయి ఒక షీటు మొత్తం పారేసిన రోజు నాకు ఇంకా గుర్తుంది. ఫిల్మ్ చౌక సరుకు కాదు, మళ్లీ ఆర్డర్ పెట్టి తెప్పించుకునేసరికి పని ఆగిపోతుంది.

కత్తెర నడిచిన అంచున పొరలు విడిపోతాయి, అక్కడ తెల్లటి గీతలా కనిపిస్తుంది. అంచు నుంచి 5 మిల్లీమీటర్ల లోపల ఏ రీడింగూ తీసుకోకండి. మార్కర్ గుర్తు కూడా మధ్య భాగంలోకి రాకూడదు.

అడుగు 3: కంట్రోల్ ముక్క పక్కన పెట్టండి

ఒక ముక్కకు అసలు ఎక్స్‌రే తగలనీయకండి. కానీ మిగతా ముక్కలు ఎక్కడికి వెళ్తే అదీ అక్కడికే వెళ్లాలి: అదే కవరు, అదే గది, అదే స్కాన్. ట్రీట్‌మెంట్ గదిలోకి మాత్రం తీసుకెళ్లకండి, కంట్రోల్ కన్సోల్ దగ్గర ఉంచండి. వేడి వల్ల, వెలుతురు వల్ల వచ్చిన మార్పంతా ఈ ముక్క చెబుతుంది. మన సున్నా ఇదే.

అడుగు 4: ఆ రోజు అవుట్‌పుట్ అయాన్ ఛాంబర్‌తో కొలవండి

ఫిల్మ్ తనంతట తాను డోస్ చెప్పదు, మనం నేర్పిన డోస్‌నే తిరిగి చెబుతుంది. నేర్పేటప్పుడు తప్పు చెబితే జీవితాంతం తప్పే చెబుతుంది.

అమరిక: ఎస్‌ఎస్‌డీ (కిరణం మూలం నుంచి ఫాంటమ్ పై తలానికి దూరం) 100 సెంటీమీటర్లు, ఫీల్డ్ (కిరణం పడే చదరం) 10 × 10 సెంటీమీటర్లు, ఛాంబర్ 5 సెంటీమీటర్ల లోతులో. ఉష్ణోగ్రత, గాలి పీడనం దిద్దుబాటు చేసి, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) టీఆర్‌ఎస్-398 పద్ధతిలో 100 ఎంయూకు (మానిటర్ యూనిట్లు, మెషిన్ ఎంత కిరణం ఇచ్చిందో చెప్పే లెక్క) ఎన్ని సెంటీగ్రే (డోస్ కొలమానం, 100 సెంటీగ్రే ఒక గ్రే) వస్తున్నాయో లెక్కించండి. ఛాంబర్ కోసం తొలిచిన పలక, ఫిల్మ్ కోసం వాడే పలకలు ఒకే రకానివి అయితే మంచిది.

ఇక్కడ చాలామంది చేసే పెద్ద తప్పు ఒకటుంది. “200 ఎంయూ ఇచ్చాను, అంటే 200 సెంటీగ్రే” అని రాసేస్తారు. 1 ఎంయూకు 1 సెంటీగ్రే అన్నది సాధారణంగా డోస్ గరిష్ఠంగా ఉండే లోతులో సరిపెట్టిన లెక్క. 6 ఎంవీ కిరణానికి 5 సెంటీమీటర్ల లోతులో అది సుమారు 86 శాతానికి దిగుతుంది. అంటే 200 ఎంయూకు అక్కడ చేరేది 172 సెంటీగ్రే దరిదాపుల్లో. ఈ తప్పు ఎందుకు ప్రమాదమంటే, దీంతో గీసిన కర్వ్ (ఫిల్మ్ రంగుకూ డోస్‌కూ ఉన్న సంబంధం చూపే గీత) చూడ్డానికి నున్నగా, అందంగానే వస్తుంది. తప్పు ఉందన్న అనుమానమే రాదు.

అడుగు 5: ముక్కలకు డోస్ ఇవ్వండి

ఛాంబర్ పలక తీసి, అదే లోతులో ఒక్కో ఫిల్మ్ ముక్కను పలకల మధ్య పరచండి. కిరణం ఫిల్మ్‌కు నిలువుగా పడాలి. ముక్క సరిగ్గా ఫీల్డ్ మధ్యలో ఉండాలి. పై పలక పెట్టాక నొక్కి చూడండి, గాలి ఖాళీ ఉండకూడదు.

డోస్‌లు సమాన దూరాల్లో కాకుండా రెట్టింపు చేసుకుంటూ వెళ్లండి: 0, 0.25, 0.5, 1, 2, 4, 8 గ్రే. తక్కువ డోస్ దగ్గర ఫిల్మ్ రంగు వేగంగా మారుతుంది, పైకి వెళ్లేకొద్దీ మార్పు మందగిస్తుంది. అందుకే కింద ఎక్కువ పాయింట్లు కావాలి. మీరు కొలవబోయే గరిష్ఠ డోస్ కన్నా పైన కనీసం ఒక పాయింటు ఉండేలా చూడండి. 

ఇవి కాక మరో రెండు ముక్కలకు 1.5 గ్రే, 3 గ్రే ఇచ్చి విడిగా ఉంచండి. వీటిని కర్వ్‌లో కలపకూడదు. వీటి పని తర్వాత.

ప్రతి ముక్కకూ బీమ్ ఆపిన సమయం నిమిషాలతో సహా రాయండి.

పేషెంట్ ప్లాన్ (చికిత్సకు ముందు వేసే డోస్ లెక్క) సరిచూడటానికి ఫిల్మ్‌ను కిరణానికి సమాంతరంగా పెట్టాల్సి వస్తే రెండు జాగ్రత్తలు: ఫిల్మ్ అంచు ఫాంటమ్ అంచుతో సమానంగా ఉండాలి, గ్యాంట్రీని (కిరణం ఇచ్చే తిరిగే చేతిని) రెండు మూడు డిగ్రీలు వంచాలి. లేకపోతే కిరణం ఫిల్మ్ పక్కనున్న సన్నని గాలి సందులోంచి జారిపోయి రీడింగ్ చెడుతుంది. క్యాలిబ్రేషన్‌కు మాత్రం నిలువు అమరికే వాడండి.

అడుగు 6: ఆగండి

ఎక్స్‌రే ఆగాక కూడా ఫిల్మ్ ముదురుతూనే ఉంటుంది. మొదటి గంటల్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా. అందుకే 24 గంటలు ఆగి స్కాన్ చేయడం అందరూ పాటించే అలవాటు. 24 గంటలు కుదరకపోతే ఇంకేదైనా సమయం పెట్టుకోవచ్చు, కానీ క్యాలిబ్రేషన్ ముక్కలకూ పేషెంట్ ఫిల్మ్‌కూ అదే సమయం ఉండాలి. క్యాలిబ్రేషన్ మరుసటి రోజు చదివి, ప్లాన్ ఫిల్మ్‌ను అరగంటలో చదివితే డోస్ తక్కువ వచ్చి తీరుతుంది.

తొందరగా ఫలితం కావాల్సినవాళ్లకు ప్రత్యామ్నాయం ఉంది. ప్లాన్ ఫిల్మ్ అయిన వెంటనే అదే లాట్ ముక్క ఒకదానికి తెలిసిన డోస్ ఇవ్వండి. రెండు ఎక్స్‌పోజర్ల మధ్య ఎంత సమయం గడిచిందో దానికి కనీసం నాలుగు రెట్లు ఆగండి. 10 నిమిషాల తేడా ఉంటే 40 నిమిషాలు. తర్వాత ప్లాన్ ఫిల్మ్, తెలిసిన డోస్ ముక్క, కంట్రోల్ ముక్క మూడింటినీ ఒకే స్కాన్‌లో తీసి, ఆ రెండు తెలిసిన ముక్కలతో పాత కర్వ్‌ను సరిదిద్దండి. దీన్నే వన్-స్కాన్ పద్ధతి అంటారు. రద్దీ ఎక్కువగా ఉండే ఆస్పత్రులకు ఇదే నప్పుతుందని నా అభిప్రాయం. స్కానర్ ఆ రోజు ఏ మూడ్‌లో ఉన్నా ఆ తేడా అందులోనే కొట్టుకుపోతుంది.

అడుగు 7: స్కాన్. తీరిగ్గా చేయండి

ఈ అడుగుకు అరగంట ఎక్కువ పట్టినా పరవాలేదు.

ముందు లెక్క ఒకటి చూపిస్తాను. 2 గ్రే దగ్గర పిక్సెల్ విలువ 1 శాతం మారితే డోస్ 1 శాతం మారదు, దాదాపు 3 శాతం మారుతుంది. కర్వ్ అక్కడ వాలి ఉండడమే కారణం. స్కానర్‌లో చిన్నగా అనిపించే పొరపాటు డోస్‌లో మూడింతలై కనిపిస్తుంది.

స్కానర్ ఆన్ చేసి 30 నిమిషాలు వేడెక్కనివ్వండి. తర్వాత ఖాళీ గాజు మీద ఐదారు స్కాన్లు తీసి పారేయండి. మధ్యలో కరెంటు పోయి వస్తే మళ్లీ మొదటి నుంచి. రాత్రంతా ఏసీ ఆపి ఉన్న గదిలో ఉదయం ఏసీ వేసిన వెంటనే స్కాన్ మొదలుపెట్టకండి, గది స్థిరపడాలి. మేము ఒకసారి వరుసగా మూడు వారాలు సోమవారం ఫలితాలు మాత్రమే తేడాగా రావడం చూశాం. ఆదివారం ఏసీ కట్టేసి ఉంటుందన్న సంగతి చాలా ఆలస్యంగా తట్టింది.

స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో ప్రొఫెషనల్ మోడ్ తెరిచి ఇవి పెట్టండి:

- పాజిటివ్ ఫిల్మ్, అంటే ట్రాన్స్‌మిషన్ పద్ధతి
- 48 బిట్ కలర్
- 72 డీపీఐ. ఒక్కో పిక్సెల్ 0.35 మిల్లీమీటర్లు, ఈ పనికి చాలు
- కలర్ కరెక్షన్, షార్పెనింగ్, దుమ్ము తొలగింపు, ఆటో ఎక్స్‌పోజర్ అన్నీ ఆఫ్
- ఫైల్ టిఫ్‌గా సేవ్ చేయాలి. జేపెగ్ ఎప్పుడూ వద్దు, అది విలువల్ని కుదించి మార్చేస్తుంది

ఈ సెట్టింగులకు ఒక పేరు పెట్టి సేవ్ చేసి, స్క్రీన్ ఫొటో తీసి స్కానర్ మీద అంటించండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ కలర్ కరెక్షన్ తిరిగి ఆన్ అయిందేమో చూడండి.

ఇప్పుడు ఫిల్మ్ పెట్టడం. స్ఫటికాలు సూదుల్లా ఉంటాయని చెప్పాను కదా. షీటు తయారయ్యేటప్పుడు అవి పూత నడిచిన దిక్కుకే వరుస కడతాయి. అందుకే ముక్కను 90 డిగ్రీలు తిప్పితే అదే ఫిల్మ్ వేరే విలువ ఇస్తుంది. డోస్‌లో ఆ తేడా 5 శాతాన్ని సులువుగా దాటుతుంది. మీరు గీసిన బాణాలన్నీ ఒకే దిక్కుకు ఉండాలి. ఏ దిక్కు అన్నది మీ ఇష్టం, క్యాలిబ్రేషన్‌లో ఎటు పెట్టారో ఎప్పటికీ అటే.

ముక్క స్కానర్ వెడల్పు మధ్యలో ఉండాలి. ల్యాంపు కదిలే దిక్కుకు అడ్డంగా, పక్క అంచుల వైపు వెళ్లేకొద్దీ ఫిల్మ్ అసలు కన్నా ముదురుగా కనిపిస్తుంది, డోస్ ఎక్కువైతే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అట్టలో చదరపు కిటికీ కోసి గాజు మీద అమర్చుకుంటే ప్రతి ముక్కా ఒకే చోట కూర్చుంటుంది. మా విభాగంలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిన పరికరం ఆ అట్ట ముక్కే. కాకపోతే గాజు మొదట్లో స్కానర్ తన వెలుతురును సరిచూసుకునే ఖాళీ పట్టీ ఒకటి ఉంటుంది. అట్ట గానీ టేపు గానీ దాన్ని కప్పితే చిత్రం నిండా నిలువు చారలు పడతాయి.

ఫిల్మ్ కొంచెం వంగి ఉంటే గాజుకూ దానికీ దూరం మారి రీడింగ్ మారుతుంది. పైన గాజు పలక పెట్టండి. క్యాలిబ్రేషన్‌లో పలక పెడితే తర్వాత అన్నిటికీ పెట్టాలి.

ఒక్కో ముక్కను వరుసగా నాలుగుసార్లు స్కాన్ చేసి, మొదటిది వదిలేసి మిగతా మూడింటి సగటు తీసుకోండి. పదిసార్లు చేయడం వల్ల లాభం లేదు, ల్యాంపు వేడికి ఫిల్మే మారుతుంది.

అడుగు 8: విలువలు తీసుకోండి

టిఫ్ ఫైల్‌ను ఇమేజ్‌జేలో తెరిస్తే మూడు రంగుల చానెళ్లు వస్తాయి. ఎరుపు చానెల్ తీసుకోండి. మధ్యలో 2 × 2 సెంటీమీటర్ల చదరం గీసి సగటు, స్టాండర్డ్ డీవియేషన్ రాసుకోండి.

విలువలు 255 లోపే వస్తున్నాయంటే దారిలో ఎక్కడో చిత్రం 8 బిట్‌కు కుదించుకుపోయింది. అక్కడే ఆగి వెనక్కి వెళ్లండి. 16 బిట్ చిత్రంలో విలువలు వేలల్లో ఉండాలి.

8 గ్రే పైన ఎరుపు చానెల్ దాదాపు నిండిపోతుంది. అంతకు మించిన డోస్‌లకు ఆకుపచ్చ చానెల్ మెరుగు. నీలం చానెల్ డోస్‌కు అంతగా స్పందించదు, ఫిల్మ్ మందంలో తేడాలు పట్టుకోవడానికి ఉపయోగపడుతుంది. మూడు చానెళ్లనూ కలిపి లెక్కించే సాఫ్ట్‌వేర్లు ఆ పనే చేస్తాయి. ముందు ఒక్క ఎరుపుతో చేతులారా చేసి, తర్వాత వాటి జోలికి వెళ్లండి.

అడుగు 9: లెక్క, కర్వ్

నెట్ ఓడీ = లాగ్ (కంట్రోల్ ముక్క విలువ ÷ డోస్ తగిలిన ముక్క విలువ)

నెట్ ఓడీ అంటే డోస్ వల్ల ఫిల్మ్ ఎంత ముదిరిందో చెప్పే సంఖ్య. ఇక్కడ లాగ్ అంటే 10 ఆధారంగా తీసుకున్నది. లెక్క చూపించడానికి ఒక ఉదాహరణ: కంట్రోల్ 40,000, డోస్ తగిలినది 25,000. భాగిస్తే 1.6, దాని లాగ్ 0.204. ఎక్సెల్‌లో సహజ లాగ్ ఫంక్షన్ వాడేసి, 0.470 వచ్చిందని కంగారు పడే పిల్లల్ని చూశాను. ఏ ఫంక్షన్ వాడుతున్నారో చూసుకోండి.

తర్వాత ఈ రూపంలో కర్వ్ సరిపెట్టండి:

డోస్ = ఏ × నెట్ ఓడీ + బీ × (నెట్ ఓడీ)ⁿ

ఘాతం సాధారణంగా 2కూ 3కూ మధ్య ఉంటుంది. ఎక్సెల్ సాల్వర్‌తో గానీ పైథాన్‌తో గానీ ఏ, బీ, ఘాతం మూడూ దొరుకుతాయి. సున్నా ఓడీ దగ్గర డోస్ తప్పకుండా సున్నా అవుతుంది, ఈ రూపంలో ఉన్న సుఖం అదే. ఐదో డిగ్రీ పాలినామియల్ పెట్టి “అన్ని పాయింట్ల మీదుగా వెళ్లింది” అని సంబరపడకండి. పాయింట్ల మధ్యలో అది ఎటు వంకర తిరిగిందో చూడండి. మీ ఆఖరి పాయింటు దాటి కర్వ్‌ను పొడిగించడం కూడా వద్దు.

అడుగు 10: సరిచూసుకోండి

కర్వ్ మీద వాడిన పాయింట్లు కర్వ్‌తో సరిపోవడంలో గొప్పేమీ లేదు. అందుకే పక్కన పెట్టిన 1.5, 3 గ్రే ముక్కలు ఇప్పుడు తీయండి. వాటిని తెలియని ఫిల్మ్‌లాగా చదివి డోస్ లెక్కించండి. ఇచ్చిన డోస్‌కు 3 శాతం లోపల వస్తే మీ పద్ధతి పనిచేస్తోంది. రెండూ ఒకే వైపుకు తేడాగా ఉంటే అవుట్‌పుట్ లెక్కనో ఆగిన సమయాన్నో అనుమానించండి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే ముక్క దిశ, ముక్క స్థానం చూడండి.

ఇంకో పరీక్ష నాకు చాలా ఇష్టం. ఒక పూర్తి షీటుకు అదే అమరికలో 2 గ్రే ఇచ్చి, డోస్‌గా మార్చి, మధ్య నుంచి అడ్డంగా ప్రొఫైల్ గీయండి. డోస్ సగానికి పడిన రెండు చోట్ల మధ్య దూరం కొలవండి. 10 సెంటీమీటర్లు వస్తుందనుకుంటారు. 10.5 రావాలి. ఫిల్మ్ 105 సెంటీమీటర్ల దూరంలో ఉంది కదా, కిరణం అక్కడికి అంత విచ్చుకుంటుంది. 10.5 వస్తే డీపీఐ లెక్కా సరిగ్గా ఉన్నట్టే. ప్రొఫైల్ రెండు భుజాలూ సమానంగా ఉన్నాయా అన్నది కూడా చూడండి. ఒక భుజం ఎత్తుగా ఉంటే షీటును 180 డిగ్రీలు తిప్పి మళ్లీ స్కాన్ చేయండి. ఎత్తు ఫిల్మ్‌తో పాటు తిరిగితే అది ఫిల్మ్‌లోనో కిరణంలోనో ఉంది. తిరగకుండా అదే పక్కన ఉండిపోతే స్కానర్‌ది. 180 డిగ్రీలు తిప్పినప్పుడు స్ఫటికాల వరుస దిక్కు మారదు కాబట్టి ఈ పరీక్షకు ఇబ్బంది లేదు. 

ఐఎంఆర్‌టీ (కిరణం తీవ్రతను మారుస్తూ ఇచ్చే చికిత్స) ప్లాన్‌తో గామా పోలిక (కొలిచిన డోస్‌నూ ప్లాన్ డోస్‌నూ పాయింటు పాయింటుగా పోల్చడం) చేసేవాళ్లకు ఒక మాట. అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం (ఏఏపీఎం) టీజీ-218 నివేదిక 3 శాతం డోస్ తేడా, 2 మిల్లీమీటర్ల దూరం తేడా హద్దుగా పెట్టి 95 శాతం పాయింట్లు నెగ్గాలంటుంది. పై రెండు పరీక్షలూ కాకముందే గామా నడపకండి. కర్వ్‌లో తేడా ఉన్నప్పుడు “రిలేటివ్” నొక్కి నార్మలైజ్ చేస్తే గామా నెగ్గేస్తుంది, అసలు డోస్ తేడా కనిపించకుండా పోతుంది. ఆ డోస్ పడేది ఒక మనిషి మీద.

లక్షణం చూసి తప్పు పట్టడం

అన్ని డోస్‌లూ ఒకే నిష్పత్తిలో తేడా వస్తే: ఎంయూ నుంచి సెంటీగ్రే మార్పిడి, లేదా ఛాంబర్ లెక్కలో ఉష్ణోగ్రత, పీడనం దిద్దుబాటు మరిచిపోవడం.

తక్కువ డోస్ ముక్కలే బాగా తేడాగా ఉంటే: కంట్రోల్ ముక్క వేరే పెట్టెదో, వేరే లాట్‌దో అయివుంటుంది.

చిత్రంలో మచ్చలు, తళుకులు ఉంటే: దుమ్ము, వేలిముద్ర. పొడి మెత్తటి గుడ్డతో ఒక్కసారి తుడవండి. నీళ్లు వద్దు. ఫిల్మ్‌ను నీళ్ల ఫాంటమ్‌లో కొద్దిసేపు ముంచవచ్చు, కానీ కోసిన అంచుల్లోంచి నీరు లోపలికి పాకుతుంది, ఆ భాగం వదిలేయాలి.

పాత కర్వ్ ఒక్కసారిగా పనిచేయకపోతే: కొత్త పెట్టె తెరిచారేమో చూడండి. లాట్ మారితే కర్వ్ మారాలి. స్కానర్ మారినా అంతే, అదే మోడల్ అయినా సరే.

తక్కువ శక్తి ఎక్స్‌రేలకు

6 ఎంవీతో గీసిన కర్వ్‌ను సీటీ స్కాన్ డోస్‌కు వాడకండి. కేవీ (కిలోవోల్ట్) ఎక్స్‌రేలకు ఈబీటీ3 స్పందన కొంత తగ్గుతుంది, పైగా సీటీ డోస్‌లు దానికి చాలా తక్కువ. ఈ పనికి ఎక్స్‌ఆర్-క్యూఏ2 అనే ఫిల్మ్ ఉంది, 0.1 నుంచి 20 సెంటీగ్రే దాకా చదువుతుంది. దాని వెనక తెల్లటి పొర ఉంటుంది, కాంతి దాటదు. అందుకే ట్రాన్స్‌మిషన్ కాకుండా రిఫ్లెక్షన్ పద్ధతిలో, మామూలు కాగితంలాగా స్కాన్ చేయాలి.

క్యాథ్‌ల్యాబ్‌లో పేషెంట్ వీపు చర్మానికి ఎంత డోస్ పడిందో చూడటానికి ఎక్స్‌ఆర్-ఆర్‌వీ3 అనే ఫిల్మ్ వాడతారు. ట్యూబ్ కింద నుంచి ఉంటుంది కాబట్టి ఫిల్మ్‌ను పరుపుకూ వీపుకూ మధ్య పరచాలి. చర్మం 2 గ్రే దాటితే ఎర్రబడే అవకాశం మొదలవుతుంది. సుదీర్ఘమైన యాంజియోప్లాస్టీల్లో ఆ హద్దు దాటడం అరుదేమీ కాదు. ఫిల్మ్ ఏ ముఖం ట్యూబ్ వైపు ఉందన్నది కూడా రీడింగ్‌ను మారుస్తుంది. క్యాలిబ్రేషన్‌లో పెట్టినట్టే పెట్టండి. క్యాలిబ్రేషన్ కూడా అదే కేవీ, అదే ఫిల్టర్ ఉన్న కిరణంతోనే చేయాలి.

బ్యాడ్జ్ బదులు ఇది పెట్టుకోవచ్చా?

ఎక్స్‌రే సెంటర్లలో పనిచేసే టెక్నీషియన్లు ఈ మాట చాలాసార్లు అడుగుతున్నారు. కుదరదు. మన దేశంలో సిబ్బందికి అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఎక్స్‌రేలకు 20 మిల్లీసీవర్ట్‌లంటే స్థూలంగా 0.02 గ్రే. ఈబీటీ3 నమ్మకంగా చదవడం మొదలుపెట్టేదే 0.1 గ్రే దగ్గర. మీ ఏడాది పరిమితికి ఐదు రెట్లు పడ్డాక గానీ అది నోరు విప్పదు. మూడు నెలలకోసారి మారే టీఎల్‌డీ బ్యాడ్జ్‌నే వేసుకోండి, లెడ్ ఏప్రాన్ లోపల.

రాసి ఉంచాల్సినవి

ప్రతి క్యాలిబ్రేషన్ ఫైల్‌తో పాటు ఇవి రాసి పెట్టండి: ఫిల్మ్ రకం, లాట్ నంబరు, పెట్టె తెరిచిన తేదీ, మెషిన్, శక్తి, ఆ రోజు అవుట్‌పుట్, ప్రతి ముక్క బీమ్ ఆగిన సమయం, స్కాన్ సమయం, స్కానర్ సీరియల్ నంబరు, బాణం దిక్కు, గాజు పలక పెట్టారా లేదా, గది ఉష్ణోగ్రత. టిఫ్ ఫైళ్లు చెరపకండి, సగటు విలువల పట్టిక ఒక్కటే దాచుకుంటే చాలదు. ఆర్నెల్ల తర్వాత ఎవరైనా ప్రశ్న అడిగితే మళ్లీ చదవడానికి ఆ ఫైళ్లే ఆధారం. కోయగా మిగిలిన ముక్కల్ని అదే లాట్ పేరు రాసిన కవర్లో చీకట్లో ఉంచండి, తర్వాతి వన్-స్కాన్‌కు తెలిసిన డోస్ ముక్కలుగా పనికొస్తాయి.